తెల్లని నవ్వులూ, అడ్డపొగ నోళ్ళూ

మా వీధిలో ఉండే ఒక అమ్మాయికి ఆమధ్య సంబంధం వచ్చింది. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ఎం.సి.ఎ. చదివి ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తోంది. తండ్రి స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళిచూపులైన మర్నాడు మధ్యవర్తి ఫోన్ చేసి, "అమ్మాయి వాళ్ళకి నచ్చిందండీ. పళ్ళే కాస్త పచ్చగా ఉన్నాయంటున్నారు. ఈరోజుల్లో అదేమంత పెద్ద విషయం కాదు కదా, చేయించెయ్యండి" అన్నాడట. పెళ్ళికి ముందు ఇంటికి సున్నం కొట్టించినట్టు, పిల్ల పళ్ళకి కూడా తెలుపు కొట్టించెయ్యమన్నమాట!

కాగితాలూ సంతకాలూ నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. అందుకని నన్ను కూడా ద్వారకానగర్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి తోడు తీసుకెళ్ళారు. అక్కడ జరిగినదంతా మర్యాదగానే జరిగింది. డాక్టరు మంచి మనిషే. పదహారు నమూనా పళ్ళు వరుసగా గుచ్చిన పట్టీ ఒకటి తీసి ఆ అమ్మాయి పంటి పక్కన పెట్టి చూశారు. తల్లి కూడా వంగి, చీరకి జాకెట్టు గుడ్డ సరిపోయిందో లేదో చూసుకున్నట్టు చూసింది. "ఎంత తెలుపు కావాలమ్మా?" అని డాక్టరు అడిగింది తల్లినే. అంగీకార పత్రం మీద ముందు సంతకం పెట్టిందీ తల్లే. నేను అడిగాక ఆ అమ్మాయి చేత కూడా పెట్టించారు. తర్వాత పెదవులు అడ్డు రాకుండా నోట్లో ప్లాస్టిక్ చట్రం బిగించి, చిగుళ్ళకి రక్షణగా ఒక పూత పూసి, పళ్ళ మీద జెల్ రాశారు. పావుగంట అయ్యాక తుడిచి మళ్ళీ రాశారు. "ఇంకో విడత వేద్దామా?" అని డాక్టరు అడిగితే తల్లి నా వైపు చూసింది, నేను అమ్మాయి వైపు చూశాను. ఆ గదిలో మాట్లాడడానికి వీల్లేని స్థితిలో ఉన్నది ఆమె ఒక్కతే. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. మూడో విడత కూడా వేశారు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు పసుపు వేసిన కూరలు, పప్పుచారు, కాఫీ, టీ ముట్టుకోవద్దన్నారు. పళ్ళు జివ్వుజివ్వుమంటుంటే ఆ అమ్మాయి రెండు రోజులూ చల్లారిన పెరుగన్నం తింది. పెళ్ళిపనుల్లో అడుగడుగునా పసుపు ఉండే ఇంట్లో పెళ్ళికూతురికి మాత్రం పసుపు నిషేధం. ఈ సంగతికి వాళ్ళమ్మా నేనూ కాసేపు నవ్వుకున్నాం కూడా.

ఈ విషయం మీద రాస్తానంటే మన మిత్రుల్లో ఒకరిద్దరు నొసలు చిట్లించారు. వరకట్న చావులు, గృహహింస, పనిచేసే చోట వేధింపులు, భూమి హక్కులు ఇన్ని ఉండగా పళ్ళ తెలుపు గురించా అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను కూడా ముందు అలాగే అనుకున్నాను. కానీ ఈ నగరంలోనే, ద్వారకానగర్‌కి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, జాలరిపేట స్త్రీల నోళ్ళు నేను ఇదివరకే చూసి ఉన్నాను. ఆ రెండు రకాల నోళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ స్త్రీ నోటికి ఏ కారణంతో వైద్యం అందుతోంది, ఏ నోటికి అందడం లేదు అన్న ప్రశ్న వదలలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఈ తెలుపు సంగతి కొంచెం తెలుసుకుందాం. పన్ను సహజంగా పాలలా తెల్లగా ఉండదు. పైన ఉండే ఎనామిల్ పొర కొంతవరకు పారదర్శకంగా ఉంటుంది, దాని కింద ఉండే డెంటిన్ పొర లేత పసుపు. వయసు పెరిగేకొద్దీ పైపొర అరిగి, కిందిపొర చిక్కబడి, పన్ను ఇంకాస్త పచ్చగా కనిపిస్తుంది. అంటే పసుపు రంగు రోగం కాదు, అశుభ్రతా కాదు. ముఖం మీద ముడత ఎలాంటిదో ఇదీ అలాంటిదే. క్లినిక్‌లో రాసే జెల్‌లో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్. సాధారణంగా 35 నుంచి 40 శాతం గాఢతతో ఉంటుంది. అది ఎనామిల్ గుండా లోపలికి ఇంకి, రంగునిచ్చే పదార్థాలను విరగ్గొడుతుంది. ఇంట్లో రాత్రిపూట తొడుక్కునే ట్రేలో పోసే కార్బమైడ్ పెరాక్సైడ్ ఇంతకంటే బాగా నెమ్మదైన మందు. అమెరికాలో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దంతవైద్యులు 1989లో ఆ పద్ధతి గురించి రాశాకే ఇది ప్రపంచవ్యాప్తంగా వ్యాపారమయింది. క్లినిక్‌లో పంటి మీద వెలిగించే నీలిరంగు దీపం చూడడానికి గొప్పగా ఉంటుంది గాని, దానివల్ల అదనంగా పెద్ద ప్రయోజనం లేదని చాలా పరిశీలనల్లో తేలింది. మందు తగిలితే చిగుళ్ళు కాలి తెల్లగా పొక్కుతాయి. పళ్ళు జివ్వుమనడం చాలామందికి కొద్దిరోజులు ఉండి తగ్గుతుంది. సిమెంటు పెట్టించుకున్న పన్ను, తొడుగు వేయించుకున్న పన్ను రంగు మారవు. వచ్చిన తెలుపు కూడా శాశ్వతం కాదు. కొన్ని నెలలకో, ఒకటి రెండేళ్ళకో వెనక్కి పోతుంది. గర్భిణీలకూ పాలిచ్చే తల్లులకూ చెయ్యకుండా ఉండడమే మంచిదని డాక్టర్లే చెబుతారు. పిప్పిపళ్ళు, చిగుళ్ళ జబ్బు ఉంటే ముందు వాటికి వైద్యం చెయ్యాలి.

సరైన డాక్టరు సరిగా చేస్తే ఇది ప్రాణాంతకమేమీ కాదు. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. అయితే యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన నియమాలు చూడండి. 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ను దంతవైద్యుల ద్వారానే వాడాలి, సౌందర్య సాధనంగా 6 శాతం మించి అమ్మడానికే వీల్లేదు, 18 ఏళ్ళు నిండని పిల్లలకు వాడకూడదు. బ్రిటన్‌లో బ్యూటీపార్లర్లలో ఈ పని చేస్తున్నవాళ్ళ మీద అక్కడి దంతవైద్య మండలి కేసులు వేసి, పళ్ళు తెల్లబరచడం దంతవైద్యమే తప్ప అలంకరణ కాదని 2013లో హైకోర్టు చేత చెప్పించింది. మన దగ్గర 1948లో దంతవైద్యుల చట్టం వచ్చినప్పటి నుంచీ రిజిస్టరు కానివాళ్ళు దంతవైద్యం చెయ్యకూడదు. 2023లో పార్లమెంటు జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం కూడా చేసింది. కానీ "పెళ్ళికూతురి ప్యాకేజీ" పేరుతో ఫేషియల్, వాక్సింగ్‌లతో పాటు పళ్ళ తెలుపు కూడా కలిపి చెప్పే బోర్డు ఎక్కడైనా కనిపిస్తే, ఆ చివరి పని ఎవరు చేస్తారో, ఏ మందుతో చేస్తారో అడిగేవాళ్ళు మనలో ఎంతమంది?

పళ్ళు తెల్లగానే ఉండాలన్న కోరిక అనాదిగా ఉన్నదే కదా అని కొందరంటారు. మల్లెమొగ్గలు, ముత్యాలు అని మనవాళ్ళు వర్ణించిన మాట వాస్తవమే. కానీ దానిమ్మగింజలు అని కూడా అన్నారు. తాంబూలం వేసుకుని నోరు ఎర్రగా పండడం అందమూ శుభమూ అయిన సమాజం మనది. ఆ ఎరుపు కూడా అందరు స్త్రీలకూ దక్కలేదు. భర్త పోయిన ఆడదానికి తాంబూలం లేదు. ఆమె నోరు ఎర్రబడకూడదు. దక్కనులో పెళ్ళయిన ముస్లిం స్త్రీలు, ఆస్థాన నర్తకులు మిస్సీ పొడి రాసుకుని పళ్ళ సందులు నల్లబరచుకునేవారు, అది అలంకారం. జపాన్‌లో పెళ్ళయిన స్త్రీలు పళ్ళకి నల్లరంగు వేసుకునేవారు. అక్కడి పెద్దకుటుంబాలవాళ్ళు ఆ పని మానెయ్యాలని 1870లో ప్రభుత్వమే ఆజ్ఞ ఇచ్చింది. ఎరుపైనా నలుపైనా తెలుపైనా, ఆడదాని పంటి రంగు ఆమె ఎవరి భార్యో, ఎవరి వితంతువో, ఎవరి కోడలు కాబోతోందో చెప్పే గుర్తుగానే వాడారు. కాబట్టి పాతకాలంలో ఏదో స్వేచ్ఛ ఉండేదని నేను అనడం లేదు. ఆ గుర్తును నిర్ణయించే పని కులపెద్దల చేతిలోంచి సరుకుల కంపెనీల చేతిలోకి కూడా పోయిందని మాత్రం అంటున్నాను. మా అమ్మమ్మ బొగ్గుపొడితో పళ్ళు తోముకుంటే మొరటుతనం అన్నారు. అదే బొగ్గు ఇప్పుడు ట్యూబులో పెట్టి, తెల్లబరిచే పేస్టు అని నాలుగింతల ధరకి అమ్ముతున్నారు. బొగ్గు రాపిడికి ఎనామిల్ అరుగుతుందన్న సంగతి అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదన్నది మన సామెత. పళ్ళు కనిపించేలా నవ్విందని చిన్నప్పుడు తిట్లు తినని ఆడపిల్ల మన తరంలో ఉందా? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్పిన సమాజమే ఇవాళ పెళ్ళి ఫోటోలో పైవరుస పళ్ళన్నీ కనిపించేలా నవ్వమంటోంది. 1996 నవంబరులో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. అప్పుడు మనం ఎత్తి చూపింది ఈత దుస్తులనే కాదు, ఒకే కొలత, ఒకే రంగు, ఒకే నవ్వు ఉన్న శరీరాన్ని సౌందర్య సాధనాల కంపెనీలు మార్కెట్‌లోకి దించుతున్నాయని కూడా అన్నాం. అవే పోటీలు 2025 మే నెలలో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆతిథ్యంతో జరిగాయి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ నవ్వు పోటీ వేదిక దిగి మా వీధి పెళ్ళిచూపుల దాకా నడిచి వచ్చింది.

పెళ్ళి ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా. విశాఖపట్నం మగవాళ్ళ ఉద్యోగాలతో పెరిగిన నగరం. 1933లో మొదలైన పోర్టు, తర్వాత షిప్‌యార్డు, 1966 ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకున్న ఉక్కు కర్మాగారం, ఇవన్నీ ప్రధానంగా మగవాళ్ళకే జీతాలిచ్చాయి. ఆడవాళ్ళకి ఆ జీతాల మీద వచ్చే క్వార్టరు, వైద్యం దక్కాయి. స్టీల్‌ప్లాంటు పర్మనెంటు ఉద్యోగి కుటుంబానికి సంస్థ ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కార్మికుడి భార్యకి అలాంటి భరోసా లేదు. 2021 జనవరిలో ఆ కర్మాగారం నుంచి వంద శాతం పెట్టుబడులు ఉపసంహరించుకోవడానికి కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించినప్పటి నుంచి పర్మనెంటు కుటుంబాలకి కూడా నిద్ర లేదు. తండ్రి ఉద్యోగం మీద భరోసా పోయిన ఇళ్ళలోని ఆడపిల్లలు ఇప్పుడు వెళ్తున్నది మాల్‌లో అమ్మకాలకి, హోటల్ రిసెప్షన్‌కి, కార్పొరేట్ ఆసుపత్రి కౌంటర్‌కి, విమానాల్లో పనికి శిక్షణ ఇస్తామనే సంస్థలకి. అక్కడ "ప్రెజెంటబుల్" అన్న ఒక్కమాటలో ఎత్తు, బరువు, చర్మం రంగు, పంటి రంగు అన్నీ ఇమిడిపోతాయి. రాతలో ఎక్కడా ఉండదు కాబట్టి ప్రశ్నించడానికీ దొరకదు. ఎయిర్ హోస్టెస్‌ల పెళ్ళి, గర్భం, వయసు మీద ఎయిర్ ఇండియా పెట్టిన షరతులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగాయంటే అవి కాగితం మీద ఉన్నాయి కనుక. 1981లో మొదటి గర్భంతోనే ఉద్యోగం తీసేసే షరతును కోర్టు కొట్టేసింది. నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న షరతును మాత్రం సమర్థించింది. కాగితం మీదలేని నవ్వు షరతును ఏ కోర్టుకి తీసుకెళ్తాం?

ఇప్పుడు రెండో నోటి దగ్గరికి వస్తాను.

అడ్డపొగ అంటే ఉత్తరాంధ్రవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మిగతా జిల్లాల పాఠకుల కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని పెదవులు మూసి పొగ పీల్చడం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరగ్రామాల్లో, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలలో ఉన్న అలవాటు. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి ముందు తెల్లబడుతుంది, మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొందరిలో పుండు పడి క్యాన్సర్ అవుతుంది. మామూలుగా అంగిలికి క్యాన్సర్ అరుదు. కోస్తా ఆంధ్రలో మాత్రం ఎందుకు ఎక్కువ అన్నదానికి ఈ అడ్డచుట్టే కారణమని 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు రాశారు. తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థ పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. వాళ్ళలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ ఫలితాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చాయి. అంటే స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన జరిగిన సంవత్సరానికే మన జాలరి స్త్రీల, పల్లె స్త్రీల అంగిళ్ళు ప్రపంచ వైద్యగ్రంథాలకి ఎక్కాయి. ఇవాళ్టికీ నోటి జబ్బుల పాఠ్యపుస్తకాల్లో అడ్డపొగ ప్రస్తావన వస్తే ఆంధ్ర పేరు ఉంటుంది.

ఎందుకు అలా తాగుతారు? బయటివాళ్ళు అజ్ఞానం అని ఒక్కమాటతో తేల్చేస్తారు. జాలరిపేటలో చేపల గంప దించుకుని కూర్చున్న ఒక పెద్దావిడని అడిగితే నాకు చెప్పిన కారణాలు ఇవి. "సముద్రం గాలికి బయటి నిప్పు ఆరిపోతాదమ్మా. లోపలెట్టుకుంటే ఒక్క సుట్ట సాలాసేపొస్తాది. తెల్లారగట్ల సలి. సంకలో పిల్లుంటే నిప్పురవ్వ పిల్లమీద పడదు. మావఁగారు ఎదురొస్తే నోరు మూసీసుకుంటే సరి, ఎవులికీ కనపడదు." తర్వాత నవ్వి, "పన్ను నొప్పికి అదే మందు, ఆకలికీ అదే మందు" అంది. ఈ జవాబులో అజ్ఞానం ఎక్కడుంది? తెల్లవారుజామున హార్బరులో వేలంపాట, గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగడం, చేతులు ఖాళీ లేకపోవడం, పిల్లని విడిచిపెట్టే చోటు లేకపోవడం, మగవాడు బహిరంగంగా చేసే పనిని ఆడది దాచుకుని చెయ్యాల్సి రావడం, పన్ను పీకించుకోవడానికి ఒకరోజు కూలీ పోగొట్టుకోలేకపోవడం ఇవన్నీ ఉన్నాయి. పితృస్వామ్యం, పేదరికం కలిసి ఒక చుట్టని తిరగేసి నోట్లో పెట్టాయి. మగవాడు చుట్టని సరిగ్గా పట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నాడు.

ఆమె పళ్ళు నల్లగా, గారపట్టి, కొన్ని ఊడి ఉన్నాయి. "నీ పళ్ళు తెల్లబరుచుకో" అని ఆమెకి ఎవరూ చెప్పరు. ఆమె పెళ్ళి మార్కెట్‌లో లేదు, కౌంటర్ వెనక నిలబడే ఉద్యోగంలోనూ లేదు. ఆమె నోరు ఎవరికీ ప్రదర్శన వస్తువు కాదు కాబట్టి అది ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. తెల్లమచ్చ ఉందేమో చూస్తానంటే మొదట ఒప్పుకోలేదు. "ఇదివరకు కాలేజీ పిల్లలొచ్చి లైటేసి సూసి, ఫోటో తీసుకున్నారు. ఏటుందో సెప్పలేదు" అంది. పరిశోధకురాలిగా నాకు ఆ మాట సూటిగానే తగిలింది. సర్వేల పేరుతో మనం కూడా ఎంతమంది స్త్రీల నోళ్ళు తెరిపించి, రాసుకుని, ఏముందో చెప్పకుండా వచ్చేశాం?

చెబితే ఫలితం ఉంటుందనడానికి రుజువు కూడా మన దగ్గరే ఉంది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి జరిగిన ఒక కార్యక్రమం ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి మాట్లాడి, నోట్లో ఏముందో చూసి, సినిమాలు వేసి చూపించి చెప్పినచోట పొగాకు మానినవాళ్ళూ, తగ్గించినవాళ్ళూ పెరిగారు, నోటిలో తెల్లమచ్చలు తగ్గాయి. దానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేకపోయింది. ఒక టార్చిలైటు, ఒక అద్దం, మాట్లాడే ఓపిక చాలాయి. ఆ ఓపికని శాశ్వతమైన ప్రభుత్వ కార్యక్రమంగా ఎందుకు మార్చలేదు అన్నది మనం గట్టిగా అడగవలసిన ప్రశ్న. క్యాన్సర్ వచ్చాక ప్రభుత్వ వైద్య పథకం ఉంది, కె.జి.హెచ్. ఉంది, అగనంపూడిలో హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రాకముందు నోరు చూసేవాళ్ళే తక్కువ.

ఈ తెలుపుకీ వైద్యానికీ మధ్య ఉన్న గందరగోళం ఇంకొక చోట మరీ స్పష్టంగా కనిపిస్తుంది. చదువుకీ ఉద్యోగానికీ విశాఖ వచ్చే అమ్మాయిల్లో పొదిలి, కనిగిరి, దర్శి వైపు నుంచి, నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. గోధుమరంగు చారలున్న పళ్ళు వాళ్ళలో కొందరిని దూరం నుంచే పట్టిస్తాయి. అది ఫ్లోరైడ్ నీళ్ళ గుర్తు. నాటి మద్రాసు రాష్ట్రంలోని ఆ ప్రాంతాల్లోనే ఫ్లోరోసిస్ ఉందని 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం రాసింది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి నల్గొండ పేరే పెట్టారు. దాని గురించి ఎన్నో దేశాల్లో చదువుకున్నారు. అయినా తరం తర్వాత తరం ఆ నీళ్ళే తాగింది. ఆ చారలు పన్ను తయారయ్యే వయసులోనే లోపల పడతాయి కాబట్టి, జెల్ రాస్తే పూర్తిగా పోతాయన్న గ్యారంటీ లేదు. ఒక్కోసారి చుట్టూ ఉన్న భాగం తెల్లబడి మచ్చ ఇంకా ఎత్తి కనిపిస్తుంది కూడా. అంటే ప్రభుత్వం మంచినీళ్ళు ఇవ్వనందుకు పడిన మచ్చని, పెళ్ళి కుదరాలంటే ఆడపిల్ల తల్లిదండ్రులు అప్పుచేసి తుడిపించుకోవాలి. అదే నీళ్ళు తాగిన అబ్బాయికి కూడా అవే చారలుంటాయి. వాటి గురించి మధ్యవర్తి ఫోన్ చెయ్యడం నేను వినలేదు.

అయితే ఇక్కడ ఒక సవరణ చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక దంతవైద్యశాలలో "నవ్వు తీర్చిదిద్దే" చికిత్స కోసం వెళ్ళిన ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు చనిపోయాడు. అప్పటికి వారం క్రితమే నిశ్చితార్థం అయింది. మత్తుమందు మోతాదు ఎక్కువైందని తండ్రి ఆరోపించారు, పోలీసులు కేసు నమోదు చేశారు. అది కేవలం పళ్ళు తెల్లబరిచే పని కాదు, అంతకంటే పెద్ద చికిత్స. కానీ పెళ్ళి ఫోటో ఒత్తిడి మగపిల్లల దాకా వచ్చిందనడానికి అది గుర్తు. ఇంట్లో చెప్పకుండా ఒక్కడే వెళ్ళాడని వార్తల్లో వచ్చింది. ఆడపిల్ల విషయంలో ఇంటిల్లిపాదీ వెంటవెళ్తారు, ఆమె ఒక్కతే ఎటూ వెళ్ళలేదు. ఈ రెంటిలోనూ కుర్చీలో కూర్చున్న మనిషికి ముందు ఏం చెప్పారన్నదే అసలు విషయం.

దీనికి చట్టం ఉంది. 1995లో సుప్రీంకోర్టు, రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని వి.పి. శాంత కేసులో చెప్పింది. అందం కోసం చేసే దంతచికిత్సకైనా రసీదు ఉంటే, పొరపాటు జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు. అంతకంటే మనకి ముఖ్యమైనది 2008 నాటి సమీరా కోహ్లీ కేసు. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒక స్త్రీకి, తల్లి ఒప్పుకుందని చెప్పి గర్భసంచీ అండాశయాలు తీసేశారు. వయసొచ్చిన, మతిస్థిమితం ఉన్న మనిషి విషయంలో, ప్రాణం మీదికి రాని పరిస్థితిలో, తల్లి అంగీకారం చెల్లదని, ఏం చేస్తారో దానివల్ల మంచిచెడ్డలేమిటో రోగికే చెప్పి ఆమె ఒప్పుకుంటేనే చెయ్యాలని కోర్టు తీర్పు ఇచ్చింది. గర్భసంచీకి వర్తించే సూత్రం పంటికి వర్తించదా? ద్వారకానగర్‌లో "ఎంత తెలుపు కావాలి" అన్న ప్రశ్న ఎవరిని అడగాలో ఆ తీర్పు చెప్పేసింది. నోట్లో చట్రం బిగించాక అడిగే అంగీకారం అంగీకారమే కాదు.

వరకట్న నిషేధ చట్టం సంగతి కూడా చర్చించాలి. 1961 నాటి ఆ చట్టం పెళ్ళికి సంబంధించి ఇచ్చే ఆస్తి గురించి, విలువైన పత్రాల గురించి మాట్లాడుతుంది. అబ్బాయివాళ్ళు కోరిన మీదట అమ్మాయి శరీరం మీద తల్లిదండ్రులు పెట్టే ఖర్చు, అది పళ్ళకైనా బరువు తగ్గించుకోవడానికైనా చర్మానికైనా, ఆ నిర్వచనంలోకి సూటిగా రాదు. ఆ డబ్బు అబ్బాయి జేబులోకి వెళ్ళదు, డాక్టరుకి వెళ్తుంది. కానీ షరతు పెట్టింది అబ్బాయివాళ్ళే, ఖర్చు పడింది అమ్మాయివాళ్ళ మీదే. బీరువా, బైకు అడిగితే కట్నం, పళ్ళు మార్చమంటే సలహా. ఈ తేడా ఎందుకుండాలో మన న్యాయవాద మిత్రులు ఆలోచించి ఈ పత్రికలోనే రాస్తే బాగుంటుంది.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ అమ్మాయిని తర్వాత అడిగాను, "నీకు నచ్చిందా?" అని. "నచ్చింది ఆంటీ" అంది. పదో తరగతిలో ఎవరో పసుపుకొమ్ము అని పేరు పెట్టారట. అప్పటినుంచి గ్రూపు ఫోటోల్లో పెదవులు బిగించే నిలబడేదట. "ఇది వాళ్ళడగకముందు నేనే చేయించుకుని ఉంటే ఇంకా బాగుండేది" అంది. ఈ ఆఖరి మాట నన్ను వదలడం లేదు. అలంకరణ అంతా అణచివేతే అని మనం తేలిగ్గా అనేస్తాం. ఒక మనిషి తన నోరు తెరవడానికి భయపడకుండా ఉండాలనుకోవడం తప్పు కాదు. అలాంటి కోరికని వెక్కిరిస్తే ఆ అమ్మాయి మన దగ్గరికి రాదు, మధ్యవర్తి మాటే వింటుంది. నా అభ్యంతరం తెలుపు మీద కాదు. ఎవరి ఇష్టం మీద, ఎవరి షరతు మీద, ఏం చెప్పి, ఎవరి చేత చేయిస్తున్నారన్న దాని మీద. సంబంధం కుదిరిందా అని మీరు అడుగుతారు. కుదరలేదు. జాతకాలు కలవలేదట. పళ్ళు చేయించాక చెప్పారు.

వచ్చే నెల నుంచి జాలరిపేటలో జరిగే పొదుపు సంఘాల సమావేశాల్లో నోళ్ళు చూడడం కూడా ఒక పనిగా పెట్టుకుందామని మా చిన్న బృందం అనుకుంది. దంతవైద్యం చదివిన ఒక స్నేహితురాలు వస్తానంది. అంగిలి మీద తెల్లమచ్చ, ఎర్రచుక్కలు, రెండు వారాలైనా మానని పుండు ఉంటే అక్కడికక్కడే ఆ మనిషికే చెప్పి, తోడు వెళ్ళి కె.జి.హెచ్. దంతవిభాగంలో చూపించాలి. ఫోటోలు తియ్యం. మొదటి సమావేశానికి ఆ గంప పెద్దావిడ వస్తానని మాట ఇచ్చింది. చుట్ట మానమంటే మాత్రం లేచిపోతానని కూడా ముందే చెప్పింది.